గర్భిణి ఉన్న ఇంట్లో పొగ తగ్గించుకోవడం: పుట్టబోయే బిడ్డ గుండె కోసం

కడుపులోని బిడ్డ గుండె గర్భం నిలిచిన మూడో వారంలో రూపుకట్టడం మొదలై ఎనిమిదో వారానికల్లా నాలుగు గదులుగా ఏర్పడుతుంది. నెల తప్పిన సంగతి చాలామందికి ఆ మొదటి వారాల్లో తెలిసీ తెలియకుండా ఉంటుంది కనుక, గాలి విషయంలో జాగ్రత్త పిల్లలు కావాలనుకున్న నాడే మొదలుకావాలి, కాన్పు దాకా సాగాలి. బోస్టన్‌లో 1,293 మంది తల్లులను, వారి పిల్లలను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, చివరి మూడు నెలల్లో సూక్ష్మధూళి (పీఎం 2.5 అనే అతి సన్నని రేణువులు) ఎక్కువగా పీల్చిన తల్లుల బిడ్డలకు 3 నుంచి 9 ఏళ్ల వయసులో రక్తపోటు హెచ్చుగా ఉండే అవకాశం ఎక్కువని తేలింది. మసి రేణువులు మాయలో (ప్లాసెంటాలో) బిడ్డ వైపు భాగం దాకా చేరుతున్నట్టు బెల్జియం పరిశోధకులు 2019లో చూపారు.

ఊరి గాలి మన చేతిలో లేదు, ఇంటి గాలి చాలావరకు ఉంది. వంటకు గ్యాసు వచ్చినా, స్నానాల నీళ్లకు పెరట్లో కట్టెల పొయ్యి రాజేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ పని గర్భిణికి అప్పగించకూడదు, ఆ పొగ ఇంట్లోకి రానివ్వకూడదు. పోపులో ఎండుమిరపకాయ మాడి దగ్గు తెరలు వచ్చాక కిటికీ తెరిస్తే ఆలస్యమైనట్టే. మూకుడు పొయ్యి మీద పెట్టకముందే కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, వంట అయ్యాక కూడా పది నిమిషాలు తిరగనివ్వాలి. దోమల చుట్టకు (మస్కిటో కాయిల్‌కు) బదులు దోమతెర కట్టుకోవాలి. ఒక్క దోమల చుట్ట కాలితే 75 సిగరెట్లకు తక్కువ కాని సూక్ష్మధూళి వెలువడుతుందని పరీక్షల్లో తేలింది. సిగరెట్టు, బీడీ తాగేవారు ఇంట్లో తాగకూడదు.

సాంబ్రాణి మాట ఎత్తడం కష్టమే, ఎందుకంటే అది పెద్దవాళ్ల ప్రేమ. అయినా తలుపులు మూసి, కుంపట్లో నిప్పుల మీద సాంబ్రాణి చల్లి గర్భిణికి, ఆ తరువాత బాలింతకు, పసిబిడ్డకు తల ఆరబెట్టే అలవాటు మానుకోవాలి. మెత్తని తుండుతో తుడిచి, కాసేపు ఎండ పొడలో కూర్చోబెడితే జుట్టు ఆరుతుంది.

బయటికి వెళ్లేముందు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో దగ్గరి గాలి పరిశీలన కేంద్రం చూపే గాలి నాణ్యత సూచీ చూసుకోవాలి. హైదరాబాదులో సనత్‌నగర్, జూపార్కు వంటి చోట్ల కేంద్రాలున్నాయి. రోజుకు సగటున ఘనమీటరుకు 60 మైక్రోగ్రాముల పీఎం 2.5 దాకా మన దేశం అనుమతిస్తుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 15 మాత్రమే. చలికాలపు తెల్లవారుజామున పొగ నేలను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి నడక మానకుండా, ఎండ ఎక్కాక, బండ్లు తిరగని వీధిలో నడవాలి. చున్నీ అడ్డం పెట్టుకుంటే ఈ ధూళి ఆగదు. ఎన్95 మాస్కు ముక్కు పక్కన సందు లేకుండా అమరాలి, ఆయాసంగా అనిపిస్తే తీసేసి డాక్టరును అడగాలి.

బిడ్డకు మూడేళ్లు నిండాక ఏటా ఒకసారి, పిల్లల చేతికి సరిపోయే చిన్న పట్టీతోనే, రక్తపోటు చూడమని పిల్లల డాక్టరును అడగండి.