బగ్ రిపోర్ట్ పంపే ముందు

సాఫ్ట్‌వేర్‌లో తప్పు (బగ్) కనబడితే దాన్ని తయారుచేసేవాళ్లకు రాసి పంపేదే బగ్ రిపోర్ట్. అనంతపురం డీటీపీ షాపుల్లో ఉబుంటు (విండోస్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వాడేవాళ్ల కోసం ఈ జాగ్రత్తలు.

- ముందు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

- కొత్త యూజర్ అకౌంట్ తెరిచి అదే పని చేసి చూడండి. అక్కడ బాగుంటే తేడా చాలావరకు మీ సెట్టింగుల్లోనే ఉంటుంది. సగం టెన్షన్ ఇక్కడే తీరిపోతుంది.

- లిబ్రేఆఫీస్‌లో (వర్డ్ లాంటి ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్) ఒత్తులు విడిపోతుంటే ఫాంట్ మార్చి చూడండి. అయినా విడిపోతే ఫాంట్ పేరు, వెర్షన్, స్క్రీన్‌షాట్ పెట్టండి. 'లక్ష్మి' అని కొడితే ఏం కనబడింది, ఏం కనబడాలి, రెండూ చూపించండి. చదివే డెవలపర్‌కు తెలుగు రాకపోవచ్చు. వట్టిగా "తెలుగు సరిగా రావట్లేదు" అంటే ఆయనేం చేయగలడు పాపం!

- హ్యాంగై రీస్టార్ట్ చేశారా? టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే విండో) 'journalctl -b -1' కమాండ్‌ కొడితే అంతకుముందు బూట్ లాగ్, అంటే రీస్టార్ట్‌కు ముందు సిస్టమ్‌లో ఏం జరిగిందో రాసుకున్న రికార్డు, దొరుకుతుంది. అందులో మీ యూజర్ పేరు, వైఫై పేరు ఉండొచ్చు. చూసి తీసేశాకే పంపండి.

- ఒక రిపోర్టులో ఒక్క బగ్గే.