రంగుల సాధన, 4వ పాఠం: చోటు ఇచ్చేది, గురువు ఇచ్చేది

పోయిన పాఠం చివర ఇచ్చిన పని చాలామందికి కొరుకుడు పడలేదు. ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్ బొమ్మలు నాలుగు చూసి, పరిసరాల నుంచి వచ్చింది ఒక పక్క, గురువు నుంచి వచ్చింది ఇంకో పక్క రాయమన్నాను. మొదటి పక్క అందరూ దాదాపు ఒకే మాట రాశారు: ఊరి దగ్గరి కొండ గీశాడు కాబట్టి పరిసరాల ప్రభావం. రెండో పక్క చాలామంది ఖాళీగా వదిలేశారు. అందుకని ఈసారి చెప్పాలనుకున్న నీడల పాఠం పక్కన పెడుతున్నాను. ఈ ముడి విప్పకుండా ముందుకెళితే మీ బొమ్మలకే నష్టం.

కొండ ఎదురుగా ఉంది, గీశాడు. అది వస్తువు మాత్రమే. అదే కొండ ముందు పదిమందిని కూర్చోబెడితే పది రకాల బొమ్మలు వస్తాయి. మనం వెతకాల్సింది, ఆ చోటు అతను పని చేసే తీరును ఎలా మార్చిందని.

1876లో సెజాన్ దక్షిణ ఫ్రాన్స్ సముద్రతీరంలోని ఎస్తాక్ నుంచి, తాను గురువుగా భావించిన చిత్రకారుడు పిస్సారోకి ఒక ఉత్తరం రాశాడు. ఇక్కడ ఎండ ఎంత తీవ్రంగా ఉందంటే వస్తువులు గుండ్రదనం పోగొట్టుకుని అంచులతో, నీలం, ఎరుపు, గోధుమ, ఊదా రంగుల్లో కనిపిస్తున్నాయన్నాడు. ఇంకో సంగతీ చెప్పాడు. ఆలివ్, పైన్ చెట్లు ఆకు రాల్చవు, కాబట్టి ఒకే దృశ్యం మీద మూడు నాలుగు నెలలు పని చేసుకోవచ్చని. నాకు ఆ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట ఇదే. ఆకులు రాలే, మబ్బులు కమ్మే చోట చిత్రకారుడు తొందరపడాలి. ఇక్కడ తొందర లేదు. ఒక్కో కుంచె ముద్ర ఆలోచించి పెట్టే ఆ నిదానానికి అతని స్వభావంతో పాటు ఆ చెట్లూ తోడ్పడ్డాయి. మొదటి పక్క రాయాల్సింది ఇదీ: గట్టి అంచులు, చదునుగా పరిచిన రంగులు, తీరిక.

ఇక గురువు. పోలిక లేకపోతే ప్రభావం లేదనుకోవడం నన్ను బాగా ఇబ్బంది పెట్టే పొరపాటు. 1860లలో సెజాన్ బొమ్మలు నల్లగా, కత్తితో మెత్తినట్టు మందంగా ఉండేవి. 1872 నుంచి పారిస్ దగ్గరి పాంత్వాజ్ పరిసరాల్లో, తనకన్నా తొమ్మిదేళ్లు పెద్దవాడైన పిస్సారో పక్కన ఆరుబయట గీశాడు. పిస్సారో గీసిన లూవెసియెన్ ఊరి దృశ్యాన్ని తీసుకుని సెజాన్ కాపీ కూడా చేశాడు. నలుపు తగ్గింది, పాలెట్, అంటే వాడే రంగుల వరస, లేతబడింది, చిన్న చిన్న కుంచె ముద్రలు వచ్చాయి. తర్వాతి బొమ్మలు పిస్సారోవి అని ఎవరూ పొరబడరు. అయినా పిస్సారో పోయిన మూడేళ్లకు, 1906లో, ఒక ప్రదర్శన కేటలాగులో సెజాన్ తన పేరు పక్కన పిస్సారో శిష్యుడినని వేయించుకున్నాడు. గురువు నుంచి అందింది బొమ్మ కాదు, చూసే అలవాటు.

అలాగే, ఫ్రెంచ్ చిత్రకారుడు మొరో దగ్గర చదువుకున్న చిత్రకారులు మాటిస్, రువో ఇద్దరిలో ఎవరి బొమ్మా మొరో బొమ్మలా ఉండదు. శాంతినికేతన్‌లో చిత్రకళ నేర్పిన నందలాల్ బోస్ శిష్యులు వినోద్ బిహారీ ముఖర్జీ, రాంకింకర్ బైజ్ తిరిగింది ఒకే ఎర్రనేల మీద. రాంకింకర్ 1938లో సంతాల్ కుటుంబం శిల్పాన్ని సిమెంటు, ఎర్ర కంకరతో ఆరుబయటే కట్టాడు. అక్కడ చోటు విషయంగా మాత్రమే కాదు, ముడిసరుకుగానూ వచ్చింది. వినోద్ బిహారీ దారి పూర్తిగా వేరు, చూసి తెలుసుకోండి.

నేను చేసే పని ఒకటి చెబుతాను: బొమ్మను తలకిందులుగా పెట్టి చూడండి. కొండ, చెట్టు మాయమై అంచులు, రంగులు, కుంచె నడక మిగులుతాయి. మీరు రాయాల్సింది వాటి గురించే.

ఈసారి పని ఎక్కువే, రెండు వారాలు తీసుకోండి. ఇష్టమైన చిత్రకారుడి దృశ్యం ఒకటి పూర్తిగా కాపీ చేయండి, సగంలో వదలొద్దు. తర్వాత అవే రంగులతో, అదే కుంచెతో మీ కిటికీ దృశ్యం వేయండి, రోజూ ఒకే వేళకు కూర్చుని. ఆ పాలెట్‌తో ఎంత కలిపినా రాని రంగు ఎదురుగా కనబడగానే ఆగి, కాగితం మీద రాసుకోండి. కొత్త ట్యూబు మాత్రం తెరవకండి. కాపీ, మీ బొమ్మ, ఆ చిట్టా మూడూ దాచండి, నీడల పాఠం వాటితోనే మొదలవుతుంది.