మోకాలి లిగమెంట్ తెగాక నడక సరిచేసుకోవడం ఎలా

సంక్రాంతి కబడ్డీలో నా కుడి మోకాలు పోయింది. కోనసీమలో మా ఊళ్లో కోతలైన చేలో బరి గీసి ఆడుతున్నాం, పాదమేమో తడిమట్టిలో దిగబడిపోయింది, ఒళ్లు మాత్రం గిర్రున తిరిగింది. లోపల 'టప్'మంది. గంటలో మోకాలు కొబ్బరిబొండంలా వాచింది. మోకాలి ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్లలో ఒకటైన ఏసీఎల్ తెగిందన్నారు. నొప్పి తగ్గాక అంతా బాగానే ఉందనుకున్నానండి, మా అమ్మే పట్టుకుంది. పెరట్లో నా చెప్పుల చప్పుడు విని "ఏరా, ఓ కాలు ఈడుస్తున్నావేంటి?" అంది.

ఈడవడానికి కారణం ఉంది. మోకాలి కింది ఎముక ముందుకి జారకుండా, మెలి తిరక్కుండా పట్టి ఉంచేది ఏసీఎల్. అది లేనప్పుడు తొడ ముందు కండ బిగిస్తే ఆ ఎముక ముందుకొస్తుంది, మోకాలు దాదాపు తిన్నగా ఉన్నప్పుడు మరీను. దాంతో చాలామందికి తెలియకుండానే ఆ కండ వాడకం తగ్గిపోయి, తొడ వెనక కండలు బిగుసుకుని, మోకాలు కర్రలా మారిపోతుంది. నొప్పి లేకపోయినా వాపుంటే చాలు, తొడ కండ సగం నిద్రపోతుంది.

మామూలు నడకలోనే మోకీలు మీద ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు పడుతుంది. మడమ ఆనగానే మోకాలు ఓ 15-20 డిగ్రీలు వంగి ఆ అదురు మింగుతుంది. కర్రలా నడిస్తే ఆ వంపు ఉండదు. పైగా ఏసీఎల్ పట్టు లేక ఆ కింది ఎముక కాస్త పక్కకి తిరిగి కూర్చోవడంతో, ఇన్నాళ్లూ పెద్దగా మోయని చోట గుజ్జు మీద భారం పడుతుంది. ఏళ్ల తర్వాత వచ్చే అరుగుదలకి ఇదీ ఒక కారణమంటారు. అలాగని బరువంతా మంచి కాలు మీదకి తోసేసినా లాభం లేదు, గుజ్జు బాగుండాలంటే దానికీ రోజూ కాస్త పని ఉండాలి.

ముందు మీ నడక మీరే చూసుకోండి. కాలవ గట్టు మీద చదునైన తారురోడ్డు వెతుక్కుని, ఎవరిచేతైనా పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీయించండి. మడమ ముందు ఆనుతోందా, ఆనాక మోకాలు కొద్దిగా వంగుతోందా, రెండు కాళ్ల మీదా సమానంగా నిలబడుతున్నారా? హవాయి చెప్పులేసుకుంటే ఇంకా తేలిక, 'టప్... టపా' అని తాళం తప్పుతుంటే తేడా ఉన్నట్టే.

ఆపరేషన్ అయినవాళ్లు మీ ఫిజియో చెప్పిన హద్దులు దాటకండి. మొదటి పని మోకాలు పూర్తిగా చాపగలగడం. మంచం మీద పడుకుని మడమ కింద తువాలు చుట్ట పెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి, తర్వాత తొడ కండ బిగించి 5 సెకన్లు, పదిసార్లు. ఇది విసుగ్గా ఉంటుంది, నేనూ ఎగ్గొట్టేవాణ్ణి, అందుకే నాకు ఎక్కువకాలం పట్టింది. కుంటుతున్నంతకాలం చేతికర్ర వాడండి, దెబ్బకాలు వైపు కాదు, ఎదుటి చేత్తో. సిగ్గుపడి కర్ర ముందే వదిలేస్తే కుంటడమే అలవాటైపోతుంది. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బకాలు ముందు.

తర్వాత చిన్న అడుగులతో, మడమ నుంచి వేళ్ల దాకా పాదం దొర్లిస్తూ, చప్పుడు సమానమయ్యేదాకా నడవండి. వేగం తర్వాత చూసుకోవచ్చు. సాయంత్రానికి వాపొస్తే మర్నాడు దూరం తగ్గించాలి.

చేలగట్ల మీదకి చివరన వెళ్లండి. మన డెల్టా నల్లమట్టి తడిస్తే పాదాన్ని వదలదు, అలాంటప్పుడు నడుం తిప్పితే మెలికంతా మోకాలికే. పాదం పైకెత్తి, చిన్న చిన్న అడుగులేసి తిరగాలి. చేపల చెరువు గట్టు మీద మేత బస్తా మోసేవాళ్లకి ఇది మరీ ముఖ్యం.

ఏసీఎల్ కాకుండా మోకాలి లోపలి పక్క (రెండో మోకాలి వైపు) లిగమెంట్ ఒక్కటే దెబ్బతింటే చాలావరకు మోకాలి బెల్టుతోనే అతుక్కుంటుంది. మోకాలు ఓ చోట ఇరుక్కుని కదలకపోయినా, నడుస్తుంటే జారిపోతున్నట్టున్నా, పిక్క వాచి నొప్పెట్టినా ఎముకల డాక్టర్‌కి చూపించుకోండి. మాలీసు చేసేవాళ్ల దగ్గరికెళ్లి మోకాలు లాగించుకోవద్దు.