బైకు కింద మరక: ఇంజిన్ లీకేజీ ఎక్కడి నుంచో పట్టుకోవడం ఎలా

పొద్దున్నే బైకు బయటికి తీయగానే కింద మరక కనిపిస్తే చాలామంది చేసే మొదటి పని, స్పానర్ తీసుకుని తడిగా ఉన్న చోటల్లా బోల్టులు బిగించడం. అది మాత్రం చేయకండి. ఇంజిన్ కేసు అల్యూమినియం, బోల్టేమో స్టీలు. కాస్త బలం ఎక్కువైతే థ్రెడ్ పోతుంది, అప్పటిదాకా చెమరుస్తున్నది కాస్తా ధారగా కారుతుంది. పైగా మీరు బిగిస్తున్న చోటు అసలు కారే చోటు కాకపోవచ్చు. ఆయిల్ పైనుంచి కిందికి జారుతుంది, బండి నడుస్తున్నప్పుడు గాలికి వెనక్కి పోతుంది, ఇంజిన్ చల్లబడటానికి ఉండే రెక్కలు, అదే ఫిన్నుల సందుల్లోంచి పాకి చివరికి అన్నిటికన్నా కిందున్న బోల్టు కొస నుంచి చుక్కగా పడుతుంది. అందుకే పాత ఆయిల్ తీసేయడానికి అడుగున ఉండే డ్రెయిన్ బోల్టు తడిగా ఉంటే డ్రెయిన్ బోల్టుదే తప్పని అనుకోకూడదు. అది పైన వాల్వుల మీద మూతలా ఉండే ట్యాపెట్ కవర్ దగ్గర మొదలైనది కూడా కావచ్చు.

ముందు కారుతున్నది ఏంటో తేల్చుకోండి. రాత్రి బండి ఆపేటప్పుడు కింద ఒక పాత అట్టముక్క పరిచి, దాని మీద ముందు చక్రం ఎటువైపుందో పెన్నుతో గీసి పెట్టండి. పొద్దున చుక్క ఏ భాగం కింద పడిందో, కుడివైపో ఎడమవైపో తెలుస్తుంది. ఇంజిన్ ఆయిల్ అయితే కొత్తది తేనె రంగులో, పాతది నల్లగా, వేళ్ల మధ్య జారుతూ ఉంటుంది, అట్ట మీద మరక ఆరదు. పెట్రోలైతే వాసనే చెప్పేస్తుంది, కాసేపటికి ఆవిరైపోయి పలచటి మచ్చ మిగులుతుంది. కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, ఆకుపచ్చగానో, గులాబీ రంగులోనో, నీలంగానో ఉండి కాస్త తియ్యటి వాసన వస్తుంది. అది విషం, పిల్లలూ కుక్కలూ ఉన్న ఇంట్లో వెంటనే కడిగేయండి. స్ప్లెండర్ లాంటి గాలితో చల్లబడే బండికి అసలు కూలెంటే ఉండదు, డ్యూక్, ఆర్15, ఎన్ఎస్200 లాంటివి నడిపేవాళ్లే దాని గురించి ఆలోచించాలి. బ్రేక్ ఫ్లూయిడ్ నీళ్లలా పలచగా, లేత పసుపుగా ఉంటుంది, పెయింటు మీద పడితే పెయింటునే తినేస్తుంది. అనుమానంగా ఉంటే గ్లాసు నీళ్లలో ఒక చుక్క వేయండి. ఆయిల్ పైన తేలుతుంది, కూలెంటూ బ్రేక్ ఫ్లూయిడూ నీళ్లలో కలిసిపోతాయి.

లీకేజీ కానివి కూడా కొన్ని ఉంటాయి, వాటి గురించి అనవసరంగా టెన్షన్ పడొద్దు. పొద్దున స్టార్ట్ చేయగానే సైలెన్సర్ చివర నీళ్లు కారడం మామూలే. చైన్‌కి లూబ్ ఎక్కువ కొడితే అది ముందు స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్లచక్రం) కవర్ కింద నల్లగా పేరుకుని అచ్చం ఆయిల్ సీల్ పోయినట్టే కనిపిస్తుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ సీల్ పోయినా, ఆ ఆయిల్ గాలికి ఇంజిన్ ముందు భాగం మీదికి కొట్టుకొస్తుంది. ఫోర్క్ రాడ్డు మీద నూనె గీత ఉందేమో ఒకసారి చూడండి, ఉంటే ఇంజిన్‌ని వదిలేయండి.

ఇక ఇంజిన్ ఆయిలే అని తేలిందనుకోండి, తర్వాత చేయాల్సింది కడగడం. ఇది బద్ధకించి వదిలేస్తే మిగతాదంతా ఊహాగానమే. తిరుపతిలో రేణిగుంట రోడ్డు దుమ్ము నాలుగు రోజులు పీల్చిన ఇంజిన్ మీద ఆయిల్ కారితే అదంతా కలిసి మడ్డిలా గట్టిపడుతుంది, ఆ మడ్డి కింద కొత్త తడి ఏదో పాత తడి ఏదో దేవుడికి కూడా తెలియదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక పాత బ్రష్షు, కొంచెం డీజిల్ తీసుకుని ఫిన్నుల సందులు, కవర్ల అంచులు, బోల్టు తలల చుట్టూ రుద్దండి, తర్వాత సబ్బునీళ్లతో డీజిల్ పోయేలా కడిగి, గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. బ్రేకు మీద, టైరు మీద డీజిల్ పడకుండా పాత కవరు కట్టుకోండి. వాటర్ సర్వీస్‌లో ప్రెషర్ కొట్టిస్తే పని తొందరగా అవుతుంది కానీ, వైరింగ్ సాకెట్లలోకి నీళ్లు పోతే ఇంకో కొత్త సమస్య తెచ్చుకున్నట్టే, అందుకని నా ఓటు బ్రష్షుకే.

ఆరాక ఇంజిన్ మొత్తం మీద టాల్కమ్ పౌడర్ పలచగా చల్లండి. ఇంట్లో వాడే మామూలు పౌడరే. గాలి లోపలికి పీల్చే చోటు మాత్రం వదిలేయండి. ఇప్పుడు బండి తీసి ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడపండి. ఊళ్లో సిగ్నళ్ల మధ్య తిప్పితే సరిపోదు, శ్రీనివాస మంగాపురం దాకా వెళ్లి వస్తే చక్కగా వేడెక్కుతుంది. మధ్యలో ఒకటి రెండుసార్లు ఆపి టార్చి వేసి చూడండి, ఎందుకంటే మొదటి తడి గీతే నిజం చెబుతుంది, చివరిదాకా ఆగితే ఆయిల్ మళ్లీ అంతటా పాకేస్తుంది. పౌడర్ తడిసిన చోట్లలో అన్నిటికన్నా పైనా, అన్నిటికన్నా ముందూ ఉన్నదేదో అదే మీ లీకేజీ.

నడిపినప్పుడు ఏమీ కనిపించక, రాత్రంతా ఆపాకే మరక పడుతుంటే అది వేరే కథ. సైడ్ స్టాండ్ వేస్తే బండి ఎడమకి వాలుతుంది, లోపలి ఆయిల్ కూడా ఎడమకే చేరుతుంది. కాబట్టి సైడ్ స్టాండ్ మీద కారి సెంటర్ స్టాండ్ మీద కారకపోతే ఎడమవైపు కింది భాగాలు చూడాలి: గేర్ రాడ్డు ఆయిల్ సీల్, ముందు స్ప్రాకెట్ వెనక ఉండే సీల్, కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ కవర్ ప్యాకింగ్ (రెండు భాగాల మధ్య పెట్టే పలచటి పొర), ఆ కవర్‌లోంచి వైర్లు బయటికొచ్చే చోట ఉండే రబ్బరు. ఈ చివరిదాన్ని మెకానిక్కులు కూడా తరచుగా మర్చిపోతారు. కుడివైపు అయితే క్లచ్ కవర్ ప్యాకింగ్, కిక్ రాడ్డు సీల్. కుడివైపు కారేది సైలెన్సర్ బెండు మీద పడితే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాడు వాసన, పొగ వస్తాయి, అది కూడా ఒక ఆనవాలే. పైభాగంలో ట్యాపెట్ కవర్ ‘ఓ’ రింగులు (గుండ్రటి రబ్బరు రింగులు), టైమింగ్ చైన్ టెన్షనర్ ప్యాకింగ్, హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ప్యాకింగ్. ఈ మధ్యే ఆయిల్ మార్పించి ఉంటే ముందు డ్రెయిన్ బోల్టు వాషర్, ఫిల్టర్ కవర్ ఓ రింగు చూడండి. పాత వాషరే మళ్లీ వేసి బిగించేయడం చాలా షాపుల్లో జరిగేదే.

కూలెంట్ బండ్లకి ఒక్క మాట. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, అది కావాలని పెట్టిందే, ఎంసీల్ పెట్టి మూసేయకండి. అందులోంచి కూలెంట్ వస్తే పంపు మెకానికల్ సీల్ పోయినట్టు, ఆయిల్ వస్తే ఆయిల్ సీల్ పోయినట్టు.

ఏ కవరైనా విప్పే ముందు ఆయిల్ ఎంత ఉందో చూడండి. సెంటర్ స్టాండ్ మీద, నిటారుగా, ఇంజిన్ రెండు మూడు నిమిషాలు తిప్పి, ఆపి, కాసేపాగి. ఆయిల్ కొలిచే స్టిక్కుని మర తిప్పి చూడాలా, ఊరికే పెట్టి తీయాలా అన్నది బండిని బట్టి మారుతుంది, మాన్యువల్‌లో ఉంటుంది. ‘వేడి కదా, కొంచెం ఎక్కువే పోయన్నా’ అని మనమే చెబుతుంటాం, ఎండాకాలంలో ఇది మరీ ఎక్కువ. గీత దాటి పోస్తే లోపల ప్రెషర్ పెరిగి సీళ్ల మీద పడుతుంది, ఇంకొంత ఆయిల్, ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు గుండా ఎయిర్ ఫిల్టర్ పెట్టెలోకి వెళ్లి దాని డ్రెయిన్ ట్యూబ్‌లో చేరుతుంది. అలాగే బ్రీదర్ పైపు మడత పడినా, మడ్డితో మూసుకుపోయినా ఒకేసారి రెండు మూడు చోట్ల చెమర్చడం మొదలవుతుంది. ఒకేసారి అన్ని సీళ్లూ ముసలివైపోవు కదా. అలాంటప్పుడు ఇంజిన్ విప్పించకుండా ముందు బ్రీదర్ పైపు ఊడదీసి చూడండి, చాలాసార్లు ఖర్చు అక్కడితో అయిపోతుంది.

లెవెల్ తనంతట తనే పెరిగి, స్టిక్కుకి పెట్రోలు వాసన వస్తుంటే బండి స్టార్ట్ చేయొద్దు. కార్బురేటర్‌లో పెట్రోలుని ఆపే ఫ్లోట్ నీడిల్ సరిగా మూసుకోక, ట్యాప్ కట్టకుండా వదిలేసిన రాత్రి పెట్రోలు ఇంజిన్‌లోకి దిగింది. నీడిల్ బాగుచేయించి, ఆయిల్ మార్చాకే నడపాలి.

చోటు దొరికాక బాగుచేయడం అంత కష్టం కాదు. ఓ రింగు, ప్యాకింగ్ అయితే కొత్తవి వేయాలి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. ప్యాకింగ్ బదులు గుప్పెడు సిలికాన్ పేస్టు పూసేస్తానంటే ఒప్పుకోకండి. లోపలికి పొంగిన పేస్టు ముక్కలై ఆయిల్ స్ట్రెయినర్‌కి, అంటే ఆయిల్ వడకట్టే జల్లెడకి, అడ్డుపడితే, పదుల రూపాయల ఓ రింగు దగ్గర మిగిల్చింది ఇంజిన్ పనిలో వేలల్లో పోతుంది. హెడ్డు, బ్లాకు ప్యాకింగ్ పని మాత్రం బిగించే బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ వాడే మెకానిక్కుకే ఇవ్వండి. బండి ఇచ్చేటప్పుడు ‘ఆయిల్ కారుతోందన్నా’ అని వదిలేయకుండా, పౌడర్ తడిసిన చోటు ఫోటో చూపించి, సైడ్ స్టాండ్ మీదే కారుతోందో నడిపితే కారుతోందో చెప్పండి.

కవర్ అంచు కొంచెం చెమర్చి దుమ్ము పట్టడం వరకైతే లెవెల్ చూసుకుంటూ కొన్నాళ్లు నడుపుకోవచ్చు. వెనక టైరు దగ్గరికి, బ్రేకు దగ్గరికి తడి చేరుతుంటే మాత్రం ఆ బండితో అలిపిరి దాటొద్దు. కొండ దిగేటప్పుడు 1944 నాటి పాత ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆయిల్ పడిన టైరు జారితే నిలదొక్కుకోవడానికి చోటుండదు. దర్శనం టికెట్ ఉంటే బస్సెక్కండి, బండిని మెకానిక్ దగ్గర దించేసి.