నెలకు ఐదు వేలు ఎక్కడి నుంచి తేవాలి: కరెంటు మీటర్ దగ్గర మొదలుపెట్టి కంది పొడి దాకా

ఒక్క జీతంతో నడిచే ఇంట్లో ఇరవయ్యో తారీకు దాటేసరికి టెన్షన్ మొదలవుతుంది, వెంటనే ఫోన్ తీసి "ఇంట్లో కూర్చుని సంపాదించడం ఎలా" అని వెతకడమూ మొదలవుతుంది. ఆ వెతుకులాటని ఓ వారం ఆపి, ముందు పాత కరెంటు బిల్లులు, కిరాణా చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకుని కూర్చోండి. ఆన్‌లైన్‌లో మొదటి రెండు వేలు చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు, అసలు రాకపోనూ వచ్చు, కానీ ఇంటి ఖర్చులో తగ్గించింది వచ్చే నెల బిల్లులోనే కనిపిస్తుంది. నెలకు ఐదు వేలు కావాలనుకుంటే రెండు వేలు ఖర్చులోంచి, మూడు వేలు సంపాదనలోంచి అని పెట్టుకోండి. ఆ లెక్కకు పనికొచ్చేవే ఇక్కడ రాస్తున్నాను, యాభై వేలు వచ్చే దారులు నాకు తెలీదు, తెలుసని చెప్పేవాళ్ల గురించి చివర్లో మాట్లాడుకుందాం.

కరెంటు

బిల్లు ఎక్కువొచ్చిందని అందరూ అంటారు గానీ బిల్లు వెనక స్లాబులు చూసేవాళ్లు తక్కువ. తెలంగాణలో 2022 నుంచి ఉన్న టారిఫ్ తీసుకోండి. నెలకు 101 నుంచి 200 యూనిట్ల మధ్య వాడే ఇంటికి మొదటి వందకు యూనిట్ 3.40, తర్వాత వాటికి 4.80. సరిగ్గా 200 కాలితే ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. అదే 201 అయిందనుకోండి, కేటగిరీయే మారిపోతుంది, మొదటి 200 యూనిట్లకు కూడా 5.10 చొప్పున వేస్తారు, ఆ పైన ఉన్న ఒక్క యూనిట్‌కు 7.70. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. అంటే ఆ 201వ యూనిట్ ఖరీదు రెండు వందల ఏడు రూపాయల పైనే! తెల్ల రేషన్ కార్డు మీద గృహజ్యోతి జీరో బిల్లు తీసుకునే ఇళ్లకైతే దెబ్బ ఇంకా పెద్దది, 200 దాటిన నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి గెంతు లేదు, ఏ స్లాబు యూనిట్లకు ఆ స్లాబు రేటే పడుతుంది, కాకపోతే 226వ యూనిట్ నుంచి 8.75, నాలుగు వందలు దాటితే 9.75, కాబట్టి తగ్గించే ప్రతి యూనిట్ ఆ ఖరీదైన చివరి వైపు నుంచే తగ్గుతుంది.

చేయాల్సింది ఏంటంటే, పోయిన బిల్లులో ఉన్న రీడింగ్ ఫోన్‌లో రాసుకుని, పదిహేనో రోజున మీటర్ దగ్గరికి వెళ్లి చూడటం. వంద దాటిపోయి ఉంటే మిగతా పదిహేను రోజులు జాగ్రత్త పడొచ్చు, ఇస్త్రీ, వాషింగ్ మెషిన్ లాంటివి కాస్త సర్దుకోవచ్చు. బిల్లు చేతికొచ్చాక చూసుకుని ఏం లాభం.

ఇక ఫ్యాన్లు. పాత సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గర. రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు ఒకటి, 11 యూనిట్లు ఇంకోటి, తేడా 16. మూడు ఫ్యాన్లకు 48 యూనిట్లు, 230 కాలే ఇల్లు 200 లోపుకి వచ్చేయడానికి ఇది చాలు. అలాగని రేపే మూడూ మార్చేయకండి. ఒక్కోటి రెండున్నర వేల పైన ఉంటుంది, తక్కువ స్లాబులో ఉన్న ఇంటికి ఆ డబ్బు తిరిగి రావడానికి మూడేళ్ల పైనే పడుతుంది. రాత్రంతా తిరిగే బెడ్‌రూమ్ ఫ్యాన్ ఒకటి ముందు మార్చి, మిగతావి పాడైనప్పుడు మార్చుకుంటే సరిపోతుంది. ఏసీ ఉన్నవాళ్లు 20లో పెట్టి దుప్పటి కప్పుకోవడం మానేసి 26లో పెట్టి ఫ్యాన్ వేసుకోండి, ఒక్కో డిగ్రీకి దాదాపు ఆరు శాతం తగ్గుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. ప్లగ్‌లో పెడితే సగం బిల్లు తగ్గిపోతుందని యాడ్స్‌లో కనిపించే "పవర్ సేవర్" డబ్బా మాత్రం కొనొద్దు, ఇంటి మీటర్ నిజంగా వాడిన యూనిట్లనే లెక్కేస్తుంది, ఆ డబ్బా వాటిలో తగ్గించేది ఏమీ లేదు.

కిరాణా, మందులు

బియ్యం బస్తా 25 కిలోలు ఉండాల్సింది 26 కిలోలు ఎందుకైందో ఎప్పుడైనా చూశారా? 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పెట్టారు, అంతకన్నా పెద్ద బస్తాకు లేదు, మిల్లులవాళ్లు ఒక కిలో కలిపేశారు. నలుగురున్న ఇంట్లో నెలకో బస్తా ఎలాగూ అవుతుంది, కాబట్టి ఐదు కిలోల, పది కిలోల ప్యాకెట్లు కొనడం అంటే ఊరికే పన్ను కట్టడమే. నూనె ప్యాకెట్ల దగ్గర కూడా మోసపోయేది సైజులోనే. లీటర్ నూనె సుమారు 910 గ్రాములు, పక్కనే అదే సైజులో కనిపించే ప్యాకెట్ మీద 850 అనో ఇంకా తక్కువో ఉంటుంది, ధర ఐదు రూపాయలు తక్కువ ఉంటే చవకనుకుని పట్టుకొచ్చేస్తాం. గ్రాముకు లేదా మిల్లీ లీటరుకు ఎంతో ప్యాకెట్ మీద వేయాలన్న రూలు ఉంది, ఎంఆర్‌పీ పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది, పోల్చాల్సింది ఆ అంకెల్నే.

కందిపప్పు కొత్త పంట సంక్రాంతి చుట్టూ, ఎండుమిర్చి, చింతపండు ఎండాకాలం మొదట్లో వస్తాయి, మన పెద్దవాళ్లు ఏడాదికి సరిపడా అప్పుడే కొని ఎండబెట్టి డబ్బాలకెత్తేది ఊరికే కాదు. ఏడాది సరుకు ఒకేసారి కొనలేకపోతే రెండు మూడు ఇళ్లవాళ్లు కలిసి హోల్‌సేల్‌లో తెచ్చుకుని పంచుకోండి. కూరగాయలకు వారానికోసారి రైతు బజార్, బోర్డు మీద రాసిన ధర ఫోటో తీసుకుంటే ఇంటి దగ్గర బండి దగ్గర బేరానికి కూడా పనికొస్తుంది. పది నిమిషాల్లో తెచ్చే యాప్‌ల విషయం ఏంటంటే, కొత్తిమీర కోసం తెరిచి, డెలివరీ చార్జీ తప్పించుకోవడానికి రెండు వందల సరుకు కలిపేస్తాం. ఫ్రిజ్ మీద కాగితం ఒకటి అంటించి అయిపోయినవి దాని మీద రాస్తూ, వారానికి ఒకే ఆర్డర్ పెట్టండి.

బీపీ, షుగర్ మందులు రోజూ వాడే పెద్దవాళ్లుంటే అన్నిటికన్నా ఎక్కువ మిగిలేది ఇక్కడే. బ్రాండ్ లేని జనరిక్ మందులు అమ్మే ప్రభుత్వ పథకం షాపులైన జనౌషధి కేంద్రాల్లో చాలా మందులు బ్రాండ్ ధరలో సగం, కొన్ని ఇంకా తక్కువ. షీటు మీద బ్రాండ్ పేరు కింద ఉండే మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో రాసుకుని, డాక్టర్‌కి ఒక మాట చెప్పి వెళ్లండి. దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో, ధర ఎంతో జనౌషధి సుగమ్ యాప్‌లో కనిపిస్తుంది.

క్రెడిట్ కార్డులో మినిమమ్ డ్యూ మాత్రమే కడుతున్నవాళ్లు పైన చెప్పినవన్నీ పక్కన పెట్టి ముందు దాన్ని తీర్చండి. నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే ఏడాదికి నలభై పైనే, దానికన్నా బ్యాంకులో గోల్డ్ లోన్ తీసి కట్టేసినా నయం.

సంపాదన

చేతిలో ముందే ఉన్న పనిని అమ్మడం ఒక్కటే నాకు నమ్మకం ఉన్న దారి. కోర్సు కొని, నేర్చుకుని, తర్వాత సంపాదిస్తాం అనేది మూడు వేల అవసరానికి పనికిరాదు.

పచ్చళ్లు, పొడులు బాగా చేస్తారని పేరుంటే అక్కడే మొదలుపెట్టండి, కానీ లెక్క వేసి మొదలుపెట్టండి. కిలో ఆవకాయకు ముక్కలు, కారం, ఆవపిండి, ఉప్పు, నువ్వుల నూనె కలిపి 260, డబ్బా, సీలు, అట్టపెట్టె 40 అనుకుందాం. పది కిలోలు పెట్టడానికి ఎనిమిది గంటలు పడితే గంటకు వంద చొప్పున కిలోకు మీ కూలి 80. ఇక్కడికి 380. కొరియర్ వేరుగా పెట్టి 520కి అమ్మితే 140 లాభం, మీ కూలి కూడా మీదే కాబట్టి కిలోకు 220 చేతికొస్తుంది. మూడు వేలకు నెలకు పధ్నాలుగు కిలోలు అమ్మాలి. ఇవి లెక్క చూపించడానికి వేసిన అంకెలు, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి, కూలి మాత్రం వదిలేయకండి, ఇంట్లోవాళ్ల పనికి ధర లేదనుకునే చాలామంది ఆరు నెలలు కష్టపడి ఏం మిగల్లేదని మానేస్తారు. "రుచి చూడండి వదినా" అని చుట్టాలకు పంపే సీసాలు కూడా ఖర్చులో రాయండి.

నన్నడిగితే మొదట పొడులే మంచివి. ఆవకాయ ఎండాకాలంలోనే, కంది పొడి, కరివేపాకు పొడి, నల్ల కారం ఏడాది పొడుగునా. నూనె కారదు, సీసా పగలదు. ఇంకో సంగతి, కొరియర్‌లోనూ స్లాబులే. చాలా కంపెనీలు అరకిలో చొప్పున చార్జీ పెంచుకుంటూ పోతాయి, కిలో పచ్చడి డబ్బాతో, పెట్టెతో కలిపి కిలోన్నర స్లాబులోకి వెళ్లిపోతుంది, పావుకిలో పొడులు మూడు కలిపి కాంబోగా అమ్మితే ప్యాకింగ్‌తో సహా కిలో లోపే ఉంటుంది.

ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి. చిన్న వ్యాపారానికి వాళ్ల ఫోస్కోస్ పోర్టల్‌లో మీరే అప్లై చేసుకోవచ్చు, ఫీజు పెద్ద మొత్తమేమీ కాదు, వేలు అడిగే ఏజెంట్లు అక్కర్లేదు. వచ్చిన 14 అంకెల నంబర్, సరుకు పేరు, ఏమేం వేశారు, నికర బరువు, ధర, ప్యాక్ చేసిన తేదీ, ఎన్నాళ్లలోపు వాడాలి, పచ్చ చుక్క, మీ అడ్రస్ లేబుల్ మీద ఉండాలి. తడి గరిటె తగలనివ్వకండి, ఆవకాయ మూడో రోజు తిరగ కలిపాకే ప్యాక్ చేయండి. అమ్మకానికి వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్ పెట్టుకుంటే చాలు, అపార్ట్‌మెంట్ గ్రూపు, పిల్లల స్కూలు తల్లుల గ్రూపు, పాత ఆఫీసు గ్రూపు, మొదటి పాతిక ఆర్డర్లు అక్కడి నుంచే వస్తాయి. డబ్బు ముందే యూపీఐలో తీసుకోండి, మొహమాటపడితే అరువు పేరుకుపోతుంది. అమెరికా నుంచి అడిగేవాళ్లు చికెన్ పచ్చడి పంపమంటే ఒప్పుకోకండి, మాంసం సరుకు అక్కడి కస్టమ్స్‌లో పట్టుకుంటే పారేస్తారు.

వంట మీ పని కాకపోతే పాఠాలు. విదేశాల్లో ఉన్న మన పిల్లలకు తెలుగు చదవడం, రాయడం, శ్లోకాలు, సంగీతం, లేదా ఇక్కడి ఆరేడు తరగతులవాళ్లకు లెక్కలు. అమెరికా పశ్చిమ తీరంలో శనివారం పొద్దున ఎనిమిదంటే వేసవిలో మనకు రాత్రి ఎనిమిదిన్నర, నవంబర్‌లో వాళ్లు గడియారం మార్చాక తొమ్మిదిన్నర, ఈ తేడా ముందే మాట్లాడుకోకపోతే క్లాసులు గందరగోళం అవుతాయి. నలుగురు పిల్లల బ్యాచ్, వారానికి రెండు రోజులు, పన్నెండు వారాల్లో ఏం నేర్పుతారో ఒక పేజీలో రాసిచ్చేయండి. తల్లిదండ్రులు డబ్బు కట్టేది ఆ పేజీ చూసే. ఉచిత జూమ్ నలభై నిమిషాలకు, ముగ్గురు అంతకన్నా ఎక్కువ మంది ఉన్న ఉచిత గూగుల్ మీట్ గంటకు ఆగిపోతాయి, క్లాసు ముప్పై ఐదు నిమిషాలు పెట్టుకుంటే ఏదైనా సరిపోతుంది.

తెలుగు టైపింగ్, అనువాదం, సబ్‌టైటిల్స్ పని కూడా ఉంది, పదానికి ఇంత అని ఇస్తారు, శాంపిల్ పేరుతో పేజీలకు పేజీలు ఉచితంగా రాయించుకునేవాళ్లకి మాత్రం చేయొద్దు. యూట్యూబ్ ఇష్టముంటే చేసుకోండి, యాడ్స్ డబ్బు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో నాలుగు వేల గంటల వాచ్ టైమ్ కావాలి, లేదా షార్ట్స్‌కు తొంభై రోజుల్లో కోటి వ్యూస్. ఈ ఏడాది స్కూలు ఫీజుకి దాన్ని నమ్ముకోకండి.

డబ్బు అడిగితే అక్కడే ఆపండి

టెలిగ్రామ్‌లో హోటల్‌కు రివ్యూ రాస్తే నూట యాభై అంటారు, మొదటి రోజు నిజంగానే వేస్తారు. తర్వాత "ప్రీపెయిడ్ టాస్క్" అని రెండు వేలు కట్టమంటారు, మూడు వేలు స్క్రీన్ మీద కనిపిస్తాయి, తీసుకోవాలంటే ట్యాక్స్ కట్టమంటారు, అలా లక్షల్లోకి లాగుతారు. డేటా ఎంట్రీ పేరుతో ఇంకో రకం ఉంది, ఆన్‌లైన్ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టించుకుని, అసాధ్యమైన టార్గెట్ ఇచ్చి, తప్పులున్నాయి పెనాల్టీ కట్టండి లేకపోతే కోర్టు కేసు అని లాయర్ పేరుతో నోటీసు పంపిస్తారు, ఇల్లాళ్లు, కాలేజీ పిల్లలు భయపడి కట్టేస్తారు. కట్టొద్దు, ఫిర్యాదు చేయండి. మీ బ్యాంకు ఖాతా వాడుకోనిస్తే కమిషన్ ఇస్తామనేది అన్నిటికన్నా ప్రమాదం, దొంగ డబ్బు మీ ఖాతాలోంచి వెళ్తుంది, ఖాతా ఫ్రీజ్ అవుతుంది, పోలీసులు వచ్చేది మీ ఇంటికి. పాత సోఫా అమ్మకానికి పెడితే ఆర్మీవాణ్ణి అంటూ ఫోన్ చేసి క్యూఆర్ కోడ్ పంపి, డబ్బు రావాలంటే స్కాన్ చేసి పిన్ కొట్టమనేవాళ్లూ ఉన్నారు. డబ్బు మీకు రావడానికి పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు. పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

చివరిగా, ఈ పక్క సంపాదనకు జీరో బ్యాలెన్స్ ఖాతా ఒకటి విడిగా తెరిచి, దానికే యూపీఐ పెట్టుకోండి. సరుకు కొన్నా, కొరియర్ కట్టినా దాన్నుంచే. ఇదీ ఆదాయమే, ఐటీ రిటర్న్ వేసేవాళ్లు చూపించాలి, రిటర్న్ వేసే సమయానికి ఒక్క స్టేట్‌మెంట్ తీస్తే ఎంత వచ్చిందో, ఎంత పోయిందో మొత్తం అందులోనే ఉంటుంది.