ఆరో తరగతికి భిన్నాల కూడిక: కాగితపు పట్టీలతో ఎలా నేర్పాలి?

అర (1/2)కు మూడో వంతు (1/3) కలిపితే ఎంత అని ఆరో తరగతిలో అడిగి చూడండి. పైవి పైవి, కిందివి కిందివి కూడేసి ‘2/5’ అని రాసేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఎర్ర సిరాతో కొట్టేసి క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) పద్ధతి మళ్లీ చెబితే పరీక్ష గట్టెక్కుతుంది, సెలవుల తరువాత అదే తప్పు తిరిగొస్తుంది. ఆ తప్పును పిల్లలే పట్టుకోవాలంటే ఒక పీరియడ్, కొన్ని కాగితాలు చాలు.

ముందు రోజు

ఏ4 కాగితాన్ని పొడవునా 3 సెం.మీ. వెడల్పున కోస్తే 7 పట్టీలు వస్తాయి. ఒక్కోదాన్ని 24 సెం.మీ. దగ్గర కత్తిరించండి. 24ను 2, 3, 4, 6లతో శేషం లేకుండా భాగించవచ్చు. మొదటిసారి నేను తొందరలో 20 తీసుకున్నాను. మూడో వంతు దగ్గర పిల్లలు స్కేలుతో కుస్తీ పడ్డారు, పాఠం కాస్తా దశాంశాల్లోకి జారిపోయింది. ఇద్దరికి 5 పట్టీల చొప్పున 40 మందికి 100 పట్టీలు, అంటే 15 కాగితాలు. ఒకవైపు రాసేసినవైనా ఫరవాలేదు.

ముందు మాట, తరువాత లెక్క

‘టూ బై త్రీ’ అని చదివే పిల్లవాడికి అవి ఒకదాని మీద ఒకటి కూర్చున్న రెండు అంకెలు. ‘మూడింట రెండు వంతులు’ అంటే ఎన్ని ముక్కలు చేశామో, ఎన్ని తీసుకున్నామో ఆ మాటలోనే ఉంది. ఇంగ్లిష్ మీడియంలోనూ నేను ఈ మాట వదలను. అర, పావు, ముప్పావు కిరాణా కొట్టులోనే వచ్చేస్తాయి. మూడో వంతుకు తూకంరాయి లేదు, అందుకే అక్కడ తడబడతారు.

కత్తిరించడం, పోల్చడం

ఒక పట్టీని అలాగే ఉంచి, మిగతా నాలుగింటిని 2, 3, 4, 6 సమాన ముక్కలు చేయించండి. ప్రతి ముక్క మీద దాని పేరు రాయాలి. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడిగి, ముక్కలు పక్కపక్కన పెట్టించండి.

అసలు ఘట్టం

అర ముక్క పక్కన మూడో వంతు ముక్క పెట్టి కొలవమనండి: 12, 8 కలిపి 20 సెం.మీ. మరి పట్టీలో ఐదింట రెండు వంతులు ఎంత? 9.6 సెం.మీ. అర ముక్క ఒక్కటే 12 ఉంది కదా! ఇక్కడ నోరు కట్టేసుకోండి. ‘కలిపితే తగ్గిపోయిందేమిటి?’ అని ఎవరో ఒకరు అనాలి. ఆ మాట మనం అనేస్తే ఇంత కత్తిరింపూ వృథా.

తరువాత ఆ 20 సెం.మీ. కింద ఆరో వంతు ముక్కలు పేర్పించండి. సరిగ్గా ఐదు పడతాయి, కానీ ఒక జత దగ్గర ఆరే ఉంటాయి కనుక పోగొట్టుకోకుండా చూడండి. అరలో మూడు, మూడో వంతులో రెండు ఆరో వంతులు ఉన్నాయని కనబడ్డాక క.సా.గు. పేరెత్తండి.

చురుకైనవాళ్లకు మూడో వంతు, పావు కలపమని ఇవ్వండి. 14 సెం.మీ. వస్తుంది, ఆరో వంతులతో నిండదు. 2 సెం.మీ. ముక్క కావాలని వాళ్లే కనిపెడతారు.

ఇంకా కావాలంటే

ప్రభుత్వ పాఠాల యాప్ ‘దీక్ష’లోని వీడియోలను పాఠం అయ్యాకే చూపించండి, ముందు చూపిస్తే జవాబు తెలిసిపోతుంది. అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం, రిషి వ్యాలీలోని గణిత కేంద్రంతో కలిసి తెచ్చిన ‘ఎట్ రైట్ యాంగిల్స్’ పత్రిక ఇంగ్లిష్‌లో ఉన్నా, ఉపాధ్యాయులకు పనికొచ్చే ఆలోచనలు అందులో బోలెడు.

ముక్కలను పాత శుభలేఖల కవర్లలో జతకొకటిగా దాచండి. ఏడో తరగతిలో ‘మూడో వంతులో సగం ఎంత’ అన్నప్పుడు మళ్లీ బయటికి తీయవచ్చు.