హౌరాలో దిగితే రెండో వంతెన కూడా చూడండి, ఇలా చూడండి

ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరా దిగిన మనవాళ్లు చాలామంది స్టేషన్ బయటే కనిపించే పాత హౌరా బ్రిడ్జి ముందు ఫొటో దిగి కాళీఘాట్ వెళ్లిపోతారు. దానికి దిగువన హుగ్లీ మీదే విద్యాసాగర్ సేతు ఉంది. కారులో దాటేస్తే అది ఏమీ అర్థం కాదు, కింద నుంచి చూడాలి.

ముందు పాత బ్రిడ్జి మీద నడవండి. 1943 నాటిది, నట్లూ బోల్టులూ లేవు, అంతా రివెట్లే, నదిలో ఒక్క స్తంభం లేకుండా టవర్ నుంచి టవర్‌కి దాదాపు 457 మీటర్లు. ఈ అంకె గుర్తుంచుకోండి. తర్వాత స్టేషన్ దగ్గరి రేవులో ఫెర్రీ ఎక్కి బాబూఘాట్‌లో దిగి, ఒడ్డు వెంబడి దక్షిణంగా నడిస్తే ప్రిన్సెప్ ఘాట్ వస్తుంది. సాయంత్రమే వెళ్లండి, పొద్దు అవతలి ఒడ్డున గుంకుతుంటే విద్యాసాగర్ సేతు కేబుల్స్ గీత గీసినట్టు కనిపిస్తాయి.

1992లో తెరిచిన ఈ వంతెన ప్రధాన స్పాన్, అంటే టవర్ నుంచి టవర్‌కి దూరం, కూడా 457 మీటర్లే! దూరం అదే, బరువు మోసే తీరే వేరు. టవర్ కొన చూడండి. కేబుల్స్ అక్కణ్నుంచి విసనకర్రలా విచ్చుకుని తిన్నగా రోడ్డు అంచుల్ని పట్టుకుంటాయి. రిషికేశ్‌లోని రామ్ ఝూలాకి ఉన్నట్టు వంపు తిరిగిన పెద్ద తాడు దీనికి లేదు, కాబట్టి దీన్ని హ్యాంగింగ్ బ్రిడ్జి అనకండి. ఇప్పుడు నది వైపు కేబుల్స్ చూసి, అదే టవర్‌కి ఒడ్డు వైపున్నవీ చూడండి. ఇవి అటు లాగితే అవి ఇటు లాగి పట్టుకుంటాయి, అందుకే టవర్ ఏ వైపూ ఒరగదు.

పిల్లలుంటే అక్కడే చేసి చూపించండి. మా అమ్మాయిని రెండు చేతులూ బార్లా చాపి నిలబడమని, చున్నీ ఒక కొస ఒక మోచేతికి కట్టి, తల మీదుగా తెచ్చి రెండో కొస రెండో మోచేతికి బిగించాను. చేతుల బరువు చున్నీ మీద వదిలేయమంటే వదిలేసింది, చేతులు కిందికి జారలేదు. కాసేపటికి "నెత్తి మీద నొక్కుతోంది నాన్నా" అంది. ఆ తలే టవర్, రోడ్డు బరువంతా అక్కడికి చేరి పునాదిలోకి దిగుతుంది. ఒక ముడి విప్పగానే రెండో చెయ్యి కూడా వాలిపోయింది.

చీకటి పడకముందే ఘాట్‌లో పడవ మాట్లాడుకోండి. వంతెన కిందికి తీసుకెళ్లమని అడిగి, అక్కడ తలెత్తి చూస్తే కాంక్రీటు రోడ్డును మోస్తున్న ఉక్కు దూలాలు కనిపిస్తాయి.